జనాభా లెక్కలలో కూలి కుటుంబము

ఆంధ్రదేశమున వర్షము మిక్కిలి తక్కువగా కురియు సీమ అనంతపురము. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనమును అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తన నీటిని తూర్పుతీరమునందే చాలవఱకు కురిసి, ఈ పీఠభూమిని చేరునప్పటికి బలహీనపడును. సంవత్సరమునకు సగటున ఇచట కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు ఒక యేడు వచ్చిన రీతిగా మఱుసటి యేడు వచ్చునన్న నమ్మకము లేదు. పెన్న, చిత్రావతి నదులు ఏడాదిలో పెక్కు మాసములు ఇసుక బాటలవలె కనబడును. అందుచేతనే పూర్వులు బుక్కపట్టణము, ధర్మవరము మొదలగు చోట్ల పెద్ద చెఱువులను నిర్మించిరి. పందొమ్మిదవ శతాబ్దమున చెఱువుల క్రింద వరియు, చెఱువు నీరందని మెట్టపొలములలో కొఱ్ఱ, జొన్న, ఉలవయు, గుత్తి, తాడిపత్రి ప్రాంతముల నల్లరేగడిలో ప్రత్తియు పండుచుండెను.

1800 వ సంవత్సరమున నిజాము ఈ ప్రాంతమును ఆంగ్లేయుల కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురమున నివసించి, రైతువారీ పద్ధతికి ఇచట పునాది వేసెను. ఈ పద్ధతిలో ప్రతి రైతు తాను సాగుచేయు భూమికి తానే ప్రభుత్వమునకు శిస్తు చెల్లించును. రైతు పేరు, భూమి విస్తీర్ణము, శిస్తు మొత్తము గ్రామ కరణము లెక్కలలో వ్రాయబడును. పట్టా గల రైతు పేరు ఆ విధముగా దస్త్రమున కెక్కెను.

కాని ఆ పొలములలో పనిచేసినవారందఱికిని పట్టాలు లేవు. సెంటు భూమియైనను లేక, రెక్కల కష్టముపై బ్రదుకు కుటుంబములు ప్రతి గ్రామమునను ఉండెను. వారిలో కొందఱు ఏడాది పొడవునను ఒకే రైతునొద్ద జీతమునకుండి, దున్నుట, విత్తుట, పశువులను కాచుట మొదలగు పనులు చేసెడివారు. కొందఱు ఏనాటి కూలి ఆనాడు తెచ్చుకొనెడివారు. స్త్రీలు కలుపు తీయుదురు, కోతలు కోయుదురు, నూర్పిళ్లనాడు గింజలు తూర్పారబట్టుదురు. పిల్లలు ఊరి పశువుల వెంట పోవుదురు. కూలి చాలవఱకు ధాన్యముగనే ముట్టును. ఆ ధాన్యమును నాటి సాయంకాలమే విసరి, సంకటి వండుకొనుట వారికి పరిపాటి.

వాన కురియని యేట రైతునకు పంట పోవును. కూలివానికి పనియే పోవును. ఈ రెండు నష్టములును ఒకటి కావు. కొంచెము కలిగిన రైతునకు పాతరలో పాత జొన్నలుండవచ్చును. అమ్ముకొనుటకు ఎద్దులుండవచ్చును. అప్పు తెచ్చుటకు పట్టా యుండును. కూలివానికి ఈ మూడును లేవు. ధాన్యము ధర హెచ్చిన నాడే అతనికి కూలి దొరకకుండును. ఇట్లు అతడు రెండు ప్రక్కల నుండి ఒకేసారి దెబ్బతినును.

ఇట్టి కుటుంబములను గూర్చి తెలిసికొనుటకు నాటి వ్రాతలేమైన కలవా యని చూచినచో, ముందుగా కనబడునవి విక్టోరియా రాణి కాలమునాటి జనాభా లెక్కలు. మద్రాసు రాజధానిలో 1871 లో జనులను లెక్కించిరి. భారతదేశమంతటను ఒకే రాత్రి జరిగిన మొదటి లెక్క 1881 ఫిబ్రవరి 17 నాటిది. తరువాతిది 1891 ఫిబ్రవరి 26 న జరిగెను. రాణి 1901 జనవరి 22 న మరణించినను, ఆమె కాలముననే సిద్ధమైన ఏర్పాట్ల ప్రకారము ఆ సంవత్సరము మార్చి 1 న మఱియొక లెక్క ముగిసెను.

1881 నాటి లెక్క జరిగిన తీరు తెలిసికొనదగినది. గ్రామములలో ఈ పని ముఖ్యముగా కరణములపై పడెను. ముందుగా ప్రతి ఇంటికిని ఒక సంఖ్య నిచ్చిరి. పిమ్మట గణకుడు ఇల్లిల్లు తిరిగి పత్రము నింపెను. పేరు, స్త్రీయో పురుషుడో, వయస్సు, వివాహస్థితి, మతము, కులము, మాతృభాష, పుట్టిన చోటు, చదువు, వృత్తి, అంగవైకల్యము - ఇవి ఆ పత్రములోని ముఖ్యమైన ప్రశ్నలు. నిర్ణయించిన రాత్రి గణకుడు మరల ప్రతి ఇంటికిని పోయి, అప్పటికి చనిపోయినవారి పేర్లు కొట్టివైచి, పుట్టినవారిని, క్రొత్తగా వచ్చినవారిని చేర్చవలెను. దీపములు లేని పల్లెవీధులలో తిరుగవలసియున్నందున పౌర్ణమికి దగ్గఱగానున్న రాత్రిని ఎన్నుకొనిరి.

గుత్తి తాలూకాలో ఒక పల్లెలోని కూలి కుటుంబము ఆ రాత్రి ఈ పత్రమున కెక్కిన విధమును ఊహింపవచ్చును. బోదకప్పు గల చిన్న యిల్లు. ఇంటిలో భర్త, భార్య, భర్త తల్లి, ఒక కుమారుడు. కరణము వయస్సడుగును. ఆ ఇంటిలో జాతకము వ్రాయించుకొన్నవారు లేరు. ముసలితల్లి తన వయస్సు చెప్పలేక, తాను చూచిన కరవులను చెప్పును. కరణము వ్రేళ్లపై లెక్కించి అరువది యని వ్రాయును. భర్తకు నలువది, భార్యకు ముప్పది యని వ్రాయును. "ధాత కరవు వచ్చునప్పటికి వీడు తప్పటడుగులు వేయుచుండెను" అని తల్లి కొడుకును చూపును. ధాత సంవత్సరమనగా 1876-77. కనుక బాలునకు ఆఱేండ్లని వ్రాయును. వృత్తి యని యున్నచోట "కూలి" యని ఒక్క మాట పడును. చదువు అనుచోట "లేదు" అని పడును. ఆ పిల్లవాని తరువాత పుట్టిన బిడ్డను గూర్చి ప్రశ్న లేదు. పత్రమున ఆ రాత్రి బ్రదికియున్న వారికే చోటు గలదు.

నాటి పట్టికలలో ముప్పది, నలువది, ఏబది యేండ్లవారు మిక్కిలి ఎక్కువగాను, ఇరువదితొమ్మిది, ముప్పదియొకటి యేండ్లవారు మిక్కిలి తక్కువగాను ఉండుటకు కారణమిదియే. జనులు నిజముగా అట్లు పుట్టలేదు. వయస్సు తెలియనిచోట గణకుడు నిండు సంఖ్యను వ్రాసెను. అట్లే "కూలి" యను మాటయు చిక్కులు పెట్టెను. పొలములో కలుపు తీయు కూలియు, బాటపై కంకర కొట్టు కూలియు ఆ ఒక్క మాటలోనే యిమిడిపోయిరి. ఎకరము చెలక యుండి, సంవత్సరములో ఎనిమిది మాసములు పరుల పొలములో పనిచేయువాడు రైతా, కూలియా యనుటకు పత్రమున తృప్తికరమైన సమాధానము లేదు. లెక్కలు చూచువారు ఈ లోపములను మఱువరాదు.

ఇదే కాలమున ఇంగ్లండులోను పొలముకూలీల కుటుంబములు జనాభా లెక్కలకెక్కెను. అచట 1841 నుండి ప్రతి మనిషి పేరును గణకుల పుస్తకములలో వ్రాసిరి. కూలివాని వృత్తిని పూర్తిగా వ్రాయుటకు ఓపిక లేక "అగ్. లాబ్." అని రెండు తునక మాటలతో సరిపెట్టిరి. అయినను ఆ పుస్తకములను భద్రపఱచిరి. నూఱేండ్లు గడచిన పిమ్మట ప్రజలు చూచుటకు అనుమతించిరి. కనుక నేడు ఇంగ్లండులో ఒక సామాన్యుడు తన ముత్తాత తండ్రి ఏ పల్లెలో, ఏ వీధిలో, ఎందఱు బిడ్డలతో కూలిచేసి బ్రదికెనో పేర్లతో సహా చదువుకొనగలడు. పది సంవత్సరముల కొకసారి ఆ కుటుంబము ఎట్లు పెరిగినదో, ఎవరు ఇల్లు విడిచిపోయిరో తెలిసికొనగలడు.

అనంతపురపు కూలికి ఆ భాగ్యము లేదు. ఇచటను గణకుడు పేరు వ్రాసెను. కాని ఆ పేరుతో ప్రభుత్వమునకు పని లేదు. ఇంటి పత్రములలోని గుర్తులను లెక్కించి, గ్రామ మొత్తమును తాలూకా మొత్తమున చేర్చి, తాలూకా మొత్తమును జిల్లా మొత్తమున చేర్చి, పట్టికలు అచ్చొత్తించిరి. ఆ పని ముగిసిన పిదప ఇంటి పత్రములను దాచియుంచలేదు. నేడు గ్రంథాలయములలో మిగిలియున్నవి ఆ పట్టికలును, వాటిపై అధికారులు వ్రాసిన నివేదికలును మాత్రమే. గుత్తి తాలూకాలోని ఆ నలుగురును నాలుగు అంకెలై పెద్ద మొత్తములో కలిసిపోయిరి.

అట్లయిన ఆ అంకెలవలన ప్రయోజనమేమి? ఓపికతో చదివినచో అవియు మాటలాడును.

1882 లో బళ్లారి జిల్లా నుండి కొన్ని తాలూకాలను వేఱుచేసి అనంతపురము జిల్లాను ఏర్పఱచిరి. తరువాతి గ్రంథములలో ఈ తాలూకాల పూర్వపు జనసంఖ్యను ప్రత్యేకముగా కూర్చి యిచ్చిరి. దాని ప్రకారము 1871 లో ఇచటి జనసంఖ్య సుమారు 7 లక్షల 41 వేలు. మామూలుగా పదియేండ్లలో జనసంఖ్య కొంత పెరుగవలెను. కాని 1881 లో అది 6 లక్షలకు తగ్గెను. అనగా 1 లక్ష 41 వేలమంది తక్కువైరి. నూటికి పందొమ్మండుగురు, అనగా ఇంచుమించు అయిదుగురిలో ఒకరు, పట్టికనుండి తొలగిపోయిరి.

ఈ పది సంవత్సరముల నడుమ వచ్చినది 1876-78 నాటి మహాక్షామము. ధాత సంవత్సరమున ఆరంభమై, మఱుసటి యీశ్వర సంవత్సరమును వదలకుండుటచే దీనిని పెద్దలు ధాతకరవని చెప్పుకొనిరి. 1876 లో వానలు తప్పెను. చెఱువులు ఎండెను. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎక్కువగా దెబ్బతినిన వానిలో చేరినవి. ధాన్యము ధరలు సామాన్యుల కందనంత హెచ్చెను. పని లేని కూలీలు ఊళ్లు విడిచి, ప్రభుత్వము తెఱచిన కరవు పనులకు పోయి, రాళ్లు కొట్టుటకును, బాటలు వేయుటకును, చెఱువుకట్టలు పోయుటకును దిగిరి. ఆకలికి తోడు కలరా, మశూచి, జ్వరములు వచ్చెను. దక్షిణ భారతమునను తదితర ప్రాంతములలోను కలిపి ఈ క్షామమునకు బలియైనవారు 50 లక్షలకు మించియుందురని చరిత్రకారుల అంచనా.

ఆ దినములలో ఒక వాదము జరిగెను. 1877 జనవరిలో వైస్రాయి లిట్టను పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి, కరవు పనుల వ్యయమును తగ్గింప జూచెను. పనిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు చాలునని అతడు నిర్ణయించెను. పౌను అనగా సుమారు 450 గ్రాములు. స్త్రీలకును, పనిచేయు పిల్లలకును అంతకంటె తక్కువ. రాజధాని ఆరోగ్యశాఖాధికారి డాక్టరు డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీనిని తీవ్రముగా ఎదిరించెను. ఎండలో రాళ్లు కొట్టు మనిషి ఒక పౌను గింజలతో నిలువలేడనియు, కనీసము పౌనున్నర ధాన్యమును, కొంత పప్పును ఇయ్యవలెననియు అతడు వాదించెను. ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వము కూలిని కొంతవఱకు హెచ్చింపవలసివచ్చెను.

1871 నాటి మద్రాసు జనాభా లెక్కలపై నివేదికను సిద్ధముచేసినవాడు ఈ కార్నిష్. లక్షల కొలది మనుష్యులను అంకెలుగా కూర్చినవాడు, ఆఱేండ్లు గడువకముందే ఆ మనుష్యుల పిడికెడు గింజల కొఱకు వాదింపవలసినవాడయ్యెను. అంకె వెనుక ఆకలిగొన్న మనిషి యున్నాడని మఱువక యుండుట అధికారికిని అవసరమే యని ఈ వృత్తాంతము తెలుపును.

తగ్గిన 1 లక్ష 41 వేలును అందఱు మృతులే యని భావింపరాదు. కొందఱు పొరుగుసీమలకు వలసపోయిరి. కరవునాట జననములును తగ్గెను. కనుక 1881 పట్టికలో కానరానివారిలో చనిపోయినవారు, వెడలిపోయినవారు, పుట్టకయే పోయినవారు - ఈ మూడు తెగలవారును కలరు. వేఱొకవైపున, కరవునకు ముందటి యేండ్లలో పెరిగిన జనసంఖ్యను ఎవరును లెక్కింపలేదు. కావున కేవలము తీసివేతవలన మృతుల సంఖ్య తేలదు. అంకెలను చదువునపుడు ఇట్టి వివేకము అవసరము.

సగటు లెక్కయు సత్యమునంతటిని చెప్పదు. అయిదుగురిలో ఒకరు తగ్గిరనినంత మాత్రమున ప్రతి యింటిలోను ఒక్కొక్కరు తగ్గిరని కాదు. పాతర గల యిల్లు నిలిచియుండవచ్చును. కూలివాని యిల్లు పూర్తిగా పాడుపడియుండవచ్చును. కరవు కారణములను విచారించుటకు సర్ రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన క్షామ విచారణ సంఘము 1880 లో నివేదికను సమర్పించెను. కరవునాట మొట్టమొదట నలిగిపోవువారు భూమిలేని కూలీలును, చేతిపనివారును అని ఆ సంఘము గుర్తించెను. దేశమున ధాన్యము దొరకకపోవుటకంటె, ధాన్యము కొనుటకు వలసిన కూలి దొరకకపోవుటయే వారిని కూల్చుచున్నదని గ్రహించెను. దాని ఫలితముగా 1883 లో కరవు నిబంధనలు రూపొందెను. వానలు తప్పిన సూచనలు కనబడగనే పరీక్షగా పనులు తెఱచుట, పనిచేయలేని వారికి ఉచితముగా ఆహార సహాయము చేయుట ఆ నిబంధనలలోని ముఖ్యాంశములు. అవి చక్కగా అమలు జరుగని సందర్భములును కలవు. అయినను కూలివానికి కరవునాట పని చూపుట ప్రభుత్వ ధర్మమను భావము అప్పటినుండి వ్రాతలో నిలిచెను.

అనంతపురము కోలుకొనుటకు చాలకాలము పట్టెను. 1891 లో జిల్లా జనసంఖ్య సుమారు 7 లక్షల 28 వేలు. ఇరువది యేండ్లు గడచినను అది 1871 నాటి సంఖ్యను అందుకొనలేకపోయెను. 1901 లో మాత్రమే 7 లక్షల 88 వేలకు చేరి పాత సంఖ్యను దాటెను.

ఇక పేర్ల సంగతి. భూమిలేని కూలి పేరు ఏ దస్త్రమునను నిలువలేదా? ఒక చోట నిలిచెను. మద్రాసు రేవునుండి ఓడలెక్కి పరదేశపు తోటలలో పనిచేయుటకు ఒప్పందముపై పోయిన తెలుగు, తమిళ కూలీల పేర్లు నేటికిని భద్రముగా నున్నవి. మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16 న దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వఱకు 1,52,184 మంది భారతీయులు నేటాలునకు పోయిరి. ఓడ పట్టికలలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, దేహముపై నుండు పుట్టుమచ్చలు, మచ్చలు కూడ వ్రాయబడెను. వారి మనుమలును, మునిమనుమలును ఆ పట్టికలను చూచి తమ పూర్వుల ఊళ్లను వెదకికొనుచున్నారు.

కడలి దాటినవాని పుట్టుమచ్చ సైతము వ్రాతలో నిలువగా, సొంత ఊరిలో మిగిలినవాని పేరైనను నిలువకపోవుటకు కారణమేమి? రైతునుండి శిస్తు రావలెను. కనుక అతని పేరు వ్రాసి దాచిరి. ఒప్పంద కూలి అయిదేండ్లు పనిచేయవలెను, పారిపోయినచో పట్టుకొనవలెను. కనుక అతని గుర్తులు వ్రాసి దాచిరి. ఊరి కూలి తానును ఉప్పుపన్ను చెల్లించెను. కాని అది ఉప్పుధరలో కలిసి పోవుటచే అతని పేరు అడుగవలసిన పని లేకపోయెను. ఎవరినుండి ఏదైన రాబట్టవలసియుండెనో వారి పేర్లే దస్త్రములలో నిలిచెను. చెఱువుకట్టకు మట్టి మోసినవారి పేర్లు, బాటకు కంకర కొట్టినవారి పేర్లు నిలువలేదు. వారు పోసిన కట్టలును, వేసిన బాటలును మాత్రము నిలిచెను.

పట్టికలను చదువువారు రెండు సంగతులను గుర్తుంచుకొనవలెను. అంకె అబద్ధము కాదు. ధాతకరవు ఎంతటిదో నేటికిని సాక్ష్యమిచ్చుచున్నది ఆ అంకెయే. కాని అంకె సంపూర్ణసత్యమును కాదు. ఒక్కొక్క అంకె వెనుక పేరు గల మనిషి, ఇల్లు, పొయ్యి ఉండెను. ఆ పేర్లు నేడు ఏ గ్రంథాలయమునను దొరకవు. కొన్ని మాత్రము ఇంటి పెద్దల జ్ఞాపకమున మిగిలియుండవచ్చును. తాతయో అవ్వయో చెప్పు పూర్వుల పేర్లను, వారి ఊళ్లను, వారు చేసిన పనులను విద్యార్థులు ఒక పుస్తకమున వ్రాసియుంచుట మంచిది. ఆనాడు గణకుడు దాచలేకపోయిన పత్రమును ఆ విధముగా ప్రతి కుటుంబమును తనకు తాను కొంతవఱకు వ్రాసికొనగలదు.

ప్రశ్నలు

1. వాన కురియని యేట రైతు నష్టమునకును, కూలి నష్టమునకును గల భేదమేమి?

2. 1881 నాటి జనాభా లెక్క గ్రామములలో ఎట్లు జరిగెను? వయస్సుల విషయమున కలిగిన లోపమేమి?

3. 1871, 1881 సంవత్సరముల జనసంఖ్యలలోని భేదమును మృతుల సంఖ్యగా భావింపరాదనుటకు కారణములు తెలుపుము.

4. డాక్టరు కార్నిష్ ఎవరు? అతడు ఏ నిర్ణయమును, ఎందుకు ఎదిరించెను?

5. "ఎవరినుండి ఏదైన రాబట్టవలసియుండెనో వారి పేర్లే దస్త్రములలో నిలిచెను." ఈ వాక్యమును ఉదాహరణములతో వివరింపుము.